మస్తాన్ వలీ విడవని రోజా

నర్సు మణి నవల రాస్తోందన్న సంగతి సౌదీలోని తాయిఫ్ ఊరు మొత్తం మీద పన్నెండు మందికే తెలుసు. అందులో పదకొండు మంది ఆమెతో కలిసి శుక్రవారం ప్రార్థనకు కూర్చునే నర్సమ్మలు. పన్నెండో మనిషి కింది వాటాలో ఉండే సుగ్రా బేగం. ఆ నవలకు అసలు సిసలు పాఠకురాలు ఎవరయ్యా అంటే ఆ పన్నెండో మనిషే. కాకపోతే ఆమెకు తెలుగులో ఒక్క అక్షరం రాదు.

ఆ మూడంతస్తుల ఇల్లు ఆసుపత్రి వాళ్లు అద్దెకు తీసుకున్నది. పైన నర్సులు, కింద మెయింటెనెన్సు వాళ్ల కుటుంబాలు. సుగ్రా భర్త లాల్ అహ్మద్ ఆసుపత్రిలో ఏసీ టెక్నీషియను, ప్రొద్దుటూరు మనిషి. మణిది చీరాల. పెళ్లయిన మూడేళ్లకే భర్త పోయాడు, పిల్లల్లేరు. ఏళ్ల తరబడి తాయిఫ్‌లో రోగులకు సూదులు పొడుస్తూ, డ్యూటీ లేని పూట నోటుబుక్కుల్లో ధాత కరువు కథ రాసుకుంటోంది. నూటనలభై ఏళ్ల కిందటి కరువు అది. ఒంగోలు వైపు మిషను వాళ్లు గంజి తొట్లు పెట్టిన రోజులు, పిడికెడు గింజల కోసం జనం బకింగ్‌హామ్ కాలువ తవ్విన రోజులు. ఆ గంజి తొట్టి దగ్గర గరిటె పట్టుకుని నిలబడ్డ మార్తమ్మ అనే క్రైస్తవుల పిల్ల కథానాయిక.

ఆ దేశంలో చర్చి ప్రార్థన నేరం కాబట్టి శుక్రవారం కిటికీలు మూసి, ఏసీ పెట్టి, పాటలు గొంతులోనే పాడుకుని ప్రార్థన ముగించేవాళ్లు. ఆ తర్వాత మణి ఒక అధ్యాయం చదవాలి. అది ఆనవాయితీ. సుగ్రా ప్రార్థనకు వచ్చేది కాదు. చాయ్ ఫ్లాస్కు ఒళ్లో పెట్టుకుని మెట్ల మీద కూర్చునేది. ఆఖరి ఆమేన్ వినపడ్డాకే ఎవరో ఒకరు తలుపు తీస్తే లోపలికొచ్చేది.

"నమాజుకు రమ్మంటే నువ్వొస్తావా అక్కా? రావు. అట్లనే నేనూ రాను. కతకైతే యాడికన్నా వస్తా," అనేది.

మొదట్లో ఆ నవలకు నాయకుడు యిర్మీయా అనే ఉపదేశి. మల్లెపువ్వు లాంటి పంచె, నోరు తెరిస్తే వాక్యం. కరువులో కూడా నలగని పంచె. నర్సమ్మలు మొహమాటానికి బాగుందనేవాళ్లు, ఆవలింతలు మాత్రం దాచలేకపోయేవాళ్లు. సుగ్రాకు మొహమాటం లేదు.

"ఈ మొగోనికి ఆకలే కాదా అక్కా? ఊరంతా సస్తాంటే ఈయన మాత్రం తెల్లంగా ఉండాడే!"

మణికి ఒళ్లు మండింది. రెండు రోజులు సుగ్రాతో మాట్లాడలేదు. ఉన్నమాటంటే ఉలుకెక్కువ కదా. మూడో రోజు తానే మెట్లు దిగి వెళ్లింది. ఆ వేళ సుగ్రా, కొత్తిమీర కట్ట ముందేసుకుని ఆకులు గిల్లుతూ, వాళ్లింట్లో నోటి నుంచి నోటికి వచ్చిన ముచ్చట చెప్పింది.

వాళ్ల తాతకు తాత మస్తాన్ వలీ. కడప సీమలో చుక్క నీరు లేక తూర్పుకు నడిచొచ్చి, కాలువ తవ్వేవాళ్లకు తోలు తిత్తితో నీళ్లు మోశాడు. భుజం మీద నీళ్లు, కడుపులో నిప్పు. అంతలో రంజాన్ నెల వచ్చింది. గంజి పోసేది మట్టమధ్యాహ్నం. అందరితోపాటు వరసలో నిలబడి పోయించుకునేవాడు. తాగేవాడు కాదు. ముంత మీద ఆకు కప్పి కాలువ గట్టున పెట్టుకుని, పొద్దు గుంకేదాకా నీళ్లు మోసి, అప్పుడు తాగేవాడు. అందులోనూ సగం పక్కన ఎవరి బిడ్డ ఉంటే ఆ బిడ్డకు.

"సచ్చేంత కరువులో గూడా మా తాత రోజా ఇడ్సలేదక్కా. మాకు భూముల్లేవు, మేడల్లేవు. మా ఇంట్లో చెప్పుకోను ఉండేది ఆ ఒక్క మాటే."

మణి ఆ రాత్రే ఉపదేశిని నవలలోంచి సాగనంపింది. రెండొందల పేజీలు చింపేసి మస్తాన్ వలీని తెచ్చి గంజి వరసలో నిలబెట్టింది. ఇక చూడండి, నర్సమ్మలకు ఆవలింతలు ఎక్కడికి పోయాయో! పోయించుకున్న గంజి తాగని ఈ మనిషెవరా అని మార్తమ్మ గరిటె ఆపి చూసిన అధ్యాయం చదివిన రోజు, రూబీ అనే చిన్న నర్సు చాయ్ తాగడం మరిచిపోయింది. మణి భక్తురాలు కాబట్టి నవలలో ఎవరూ ఎవరినీ ముట్టుకోరు. నలభై అధ్యాయాలకు ముంత చేతులు మారడమే వాళ్లిద్దరి సరసం. "ఇవాళైనా చెయ్యి తగిలిందా అక్కా?" అని రూబీ వారం వారం అడిగేది. "ముంతకు మూత తగిలింది, చాల్లే," అని మణి కసురుకునేది.

సుగ్రా పెద్ద కూతురు సుల్తానాకు అప్పుడు పన్నెండేళ్లు. అక్కడి బడిలో హిందీ, అరబ్బీ, ఇంగ్లీషు నేర్పుతారు గానీ తెలుగు లేదు. "నాకు రాకపాయె, దీనికన్నా నేర్పక్కా," అని సుగ్రా బతిమాలితే మణి సాయంత్రాలు కూర్చోబెట్టుకుని నేర్పింది. వాచకం ఎక్కడ దొరుకుతుంది? నవల నోటుబుక్కులే వాచకం. ఆ పిల్ల గుణింతాలు, ఒత్తులు అన్నీ మస్తాన్ వలీ మీదే నేర్చుకుంది. ఏడాది తిరిగేసరికి గడగడా చదివేది.

ఆఖరి అధ్యాయం మణి ఇలా రాసుకుంది. రంజాన్ చివరి రోజు మార్తమ్మ తన గంజి కూడా తాగకుండా ముంతతో గట్టు మీదికి వస్తుంది. పొద్దు గుంకేదాకా ఇద్దరూ కూర్చుంటారు. ఆమె తన దేవుణ్ని తలుచుకుంటుంది, అతను తన దేవుణ్ని. చీకటి పడ్డాక రెండు ముంతల గంజీ ఒకే కుండలో పోసుకుని తాగుతారు. ఆ తర్వాత ఎవరు ఎవరింటికి వెళ్లారో మణి రాయలేదు. ఆమెకూ తెలియదు.

గుంటూరులో పాస్టర్ ఇస్సాక్ గారికి చిన్న అచ్చుకూటం ఉంది. సువార్త సభల దగ్గర బల్ల వేసి భక్తి నవలలు అమ్మేది ఆయనే. మణి కథంతా ఫోనులో ఫొటోలు తీసి పంపితే, కళ్లజోడు పెట్టుకుని ఓపిగ్గా చదివి ఫోన్ చేశాడు.

"చాలా బాగుందమ్మా. మా ఆవిడ రెండుసార్లు చదివించుకుంది. ఒక్కటే అడ్డం. మార్తమ్మ విశ్వాసి, ఆ అబ్బాయి కాదు. ఇద్దరూ ఒక కుండలో తాగారని చెప్పి ఆపేస్తే, సభల్లో బల్ల మీద ఈ పుస్తకం నేను పెట్టగలనా? అతను మారుమనసు పొందాలి. లేదంటే చనిపోవాలి. రెంటిలో ఏదైనా నాకు అభ్యంతరం లేదు."

మనిషిని చంపడానికి అంత మర్యాదగా అనుమతి ఇచ్చినవాణ్ని మణి అంతకుముందు చూడలేదు. కుదరదండీ అని ఫోన్ పెట్టేసింది. ఆరు నెలలు ఆ మాట మీదే నిలబడింది కూడా.

ఈలోగా సౌదీలో పరదేశీల కుటుంబాల మీద లెవీ అనే పన్ను వచ్చి పడింది. భార్యకింత, బిడ్డకింత అని నెల నెలా లెక్కగట్టి, నివాస పర్మిట్టు ఇకామా రెన్యువల్ అప్పుడు ఏడాదిది ఒక్కసారే కట్టమన్నారు. రెండో ఏడు అది రెట్టింపయింది. మరోపక్క నితాకాత్. సౌదీవాళ్లను తగినంత మందిని పెట్టుకోలేదని ఆసుపత్రి హెచ్చరికల జాబితా అయిన పసుపు రంగులోకి జారింది. రిసెప్షనులో, స్టోర్సులో మనవాళ్ల కుర్చీలు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. శుక్రవారం పదకొండు మంది ఏడుగురయ్యారు. మణిని హెచ్.ఆర్. ఆఫీసులో కూర్చోబెట్టి, వచ్చే ఏడు కాంట్రాక్టు ఉంటుందో లేదో చెప్పలేమన్నారు.

ఆ పూట మణి గదికొచ్చి తలుపేసుకుని ఏడ్చింది. ఉద్యోగం కోసం కాదు. పదకొండేళ్లు పరాయి దేశంలో ఉండి ఏం తెచ్చావని చీరాలలో ఎవరైనా అడిగితే చూపించడానికి ఆమె దగ్గర ఏముంది? మొగుడు లేడు, బిడ్డ లేదు. ఉన్నది నాలుగు నోటుబుక్కులు. అవి పుస్తకం కావాలి, అట్ట మీద తన పేరు ఉండాలి. ఆ కోరిక ముందు మిగతావన్నీ చిన్నవైపోయాయి.

మూడు రోజుల్లో కొత్త ముగింపు రాసేసింది. ఎండలో స్పృహ తప్పిన మస్తాన్ వలీ నోట్లో మార్తమ్మ మట్టమధ్యాహ్నం గంజి పోస్తుంది. అతను రోజా విడుస్తాడు. ఇన్నాళ్లూ వృథాగా ఆకలి పడ్డానని ఏడుస్తాడు. కాలువలో బాప్తిస్మం తీసుకుని మత్తయి అనే పేరు పెట్టుకుంటాడు. పెళ్లి పాటతో నవల ముగుస్తుంది. నిజం చెప్పాలంటే ఆ అధ్యాయం బాగా కుదిరింది కూడా. తర్వాత తన మీద తనకు అంత అసహ్యం కలగడానికి అదే కారణం.

అతని పేరైనా మారుద్దామని చూసింది. పాస్టరుగారు ఒప్పుకోలేదు. "మస్తాన్ వలీ అన్న పేరుంటేనేనమ్మా సాక్ష్యం. నిజంగా ఉన్న మనిషేనా?" అని అడిగాడు.

"ఉన్న మనిషేనండీ. మా స్నేహితురాలి వాళ్ల తాతగారు."

"ఇంకేం! యథార్థ గాథ అని అట్ట మీద వేద్దాం."

ఆ మాటకైనా మణి వద్దనలేదు.

సరిగ్గా అప్పుడే లాల్ అహ్మద్ చేతులెత్తేశాడు. నలుగురి లెవీ కట్టి, ఇంటిల్లిపాదీ ఇక్కడ బతకడం ఇక తన వల్ల కాదన్నాడు. భార్యకూ పిల్లలకూ మళ్లీ రావడానికి లేని ఫైనల్ ఎగ్జిట్ వీసా కొట్టించి, తాను బ్యాచిలర్ రూముకు మారడానికి సిద్ధమయ్యాడు. సుగ్రా నాలుగు రోజులు పెట్టెలు సర్దింది. అయిదో రోజు పైకొచ్చింది.

"మేం పోతాండాం అక్కా. నీ కత ఆఖరు వినకుండా పోతే నాకు నిద్ర పట్టదు. ఈ శుక్రారమే సదివెయ్."

ఆ శుక్రవారం మణి చదివింది. కొత్త ముగింపున్న నాలుగో నోటుబుక్కు తీయలేదు. పాత ముగింపు రాసిన విడి కాగితాలు తీసింది. మార్తమ్మ గట్టు మీదికి రావడం, పొద్దు గుంకడం, ఒక్క కుండ. సుల్తానా తల్లి భుజానికి ఆనుకుని వింటోంది. సుగ్రా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మా తాతను నిలబెట్టినావు అక్కా," అంది చివరికి. "ఇంతకన్నా నాకేం వద్దు."

మణి కాగితాలు మడిచింది. తల ఎత్తి చూస్తే అందరి కళ్లూ తడిగా ఉన్నాయి. ఆ ఒక్క క్షణం నిజం చెప్పేయాలనిపించింది. చెప్పలేదు. ఆ క్షణం పోయింది, మళ్లీ రాలేదు.

ఇక నోటుబుక్కులు గుంటూరు చేరాలి. ఫోను ఫొటోలు చదవడానికి పాస్టరుగారి కళ్లజోడుకు సరిపోయాయి గానీ, అచ్చుకు కంపోజు చేసే కుర్రాడు వాటిలో సగం అక్షరాలు ఆనడం లేదు, అసలు ప్రతే కావాలన్నాడు. మణికి సెలవు ఇంకో ఏడాది దాకా లేదు. పేజీ పేజీకీ యేసు పేరున్న పుస్తకాలు ఎయిర్‌పోర్టులో ఎవరి పెట్టెలో పెట్టాలి? పోయేటప్పుడు ఎవరూ చూడరని అందరూ చెబుతారు. భయానికి చెవులుండవు కదా.

"నాకియ్," అంది సుగ్రా. "నా పెట్టెలో మా ఖురాను ముసాఫ్ ఉంటాది, నమాజు సేసే జానమాజు గుడ్డ ఉంటాది. వాటి కింద పెడ్తా. బురఖా వేసుకున్న ముసలిదాని పెట్టెలో ఎవురు ఎతుకుతారు?"

ఆమెకు ముప్పై ఎనిమిదేళ్లు. మణికి నవ్వు వచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. నాలుగు నోటుబుక్కులూ ప్లాస్టిక్ కవరులో పెట్టి, కట్లు కట్టే తెల్ల ప్లాస్టరుతో చుట్టూ బిగించి అతికించింది.

"ఇంత గట్టిగా ఎందుకు ఆంటీ? దారిలో నేను చదువుకుంటా కదా," అంది సుల్తానా.

"తడి తగలకుండామ్మా. పుస్తకం అయ్యాక నేనే తెచ్చి చదివి వినిపిస్తాను."

అచ్చయ్యాక కూడా పుస్తకం సుల్తానాకు చిక్కనివ్వకుండా, సుగ్రాకు ఆ విడి కాగితాలే చదవాలని మణి ఎత్తు. అక్షరం రాని మనిషి, ఏం తెలుస్తుంది? తనను అక్కా అని నమ్మిన మనిషిని గురించి అలా అనుకున్నందుకు ఆమెకు ఆ రోజు సిగ్గు కూడా వేయలేదు. కంచే చేను మేసింది, అంతే. ముసాఫ్ కింద పెట్టుకుని, జిద్దా నుంచి ప్రొద్దుటూరు దాకా, తన తాత రోజా విడిచిన కథను సుగ్రా తానే మోసుకెళ్లింది. ఇంటికి చేరిన మర్నాడే పోస్టాఫీసులో నిలబడి గుంటూరుకు రిజిస్టరు చేసింది. పంపినవారు అన్నచోట సుల్తానా తన చేత్తో తెలుగులో వాళ్ల చిరునామా రాసింది.

మరుసటి ఏడు వేసవిలో పుస్తకం వచ్చింది. పాస్టరుగారు అట్ట ఫొటో పంపాడు. అట్ట మీద కాలువ, ముంత, యథార్థ గాథ అన్న మాట, కింద ఆమె పేరు. మణి ఆ పేరును వేళ్లతో పెద్దది చేసుకుని చూసుకుంది. ఆ సంతోషం సాయంత్రం దాకా ఉంది. సాయంత్రం ఆయన ఫోన్ చేశాడు.

"మా నాన్నగారి నాటి పద్ధతి ఒకటుందమ్మా. బస్సుల్లో, రైళ్లలో చేతిప్రతులు వచ్చే కాలం నాటిది. ప్రతిని ఎవరు మోసుకొస్తే తొలి పుస్తకం వాళ్లకే పంపిస్తాం. ప్రొద్దుటూరు అడ్రసుకి నిన్ననే పంపించేశాను. ఆ తల్లి కోసం ప్రార్థన కూడా చేశాం."

ఆ ఇంట్లో సుల్తానా ఉంది, దానికి తెలుగు చదవడం నేర్పింది మణే.

రంజాన్ నెల మొదలైంది. సుగ్రా దగ్గర నుంచి కబురు లేదు. మణి తానై ఫోన్ చేయలేదు, తేలు కుట్టిన దొంగలా ఉండిపోయింది. కింద బజారులో లాల్ అహ్మద్ కనిపిస్తే పక్క సందులోకి తిరిగింది. వార్డులో రోజా ఉన్న రోగులకు సాయంత్రం ఖర్జూరాలు అందిస్తూ వాళ్ల మొహాల్లోకి చూడలేకపోయేది. తిట్టినా బాగుండు, శాపనార్థాలు పెట్టినా బాగుండు అనుకుంది.

పండుగ మర్నాడు సుగ్రా వాయిస్ మెసేజ్ వచ్చింది.

"అక్కా, బాగుండావా? పుస్తకం వచ్చి నెలయింది. అంతా విన్నాంకనే నీకు చెప్పాలని ఆగినా. దినామూ ఇఫ్తార్ అయినాంక సుల్తానా సదివింది. మా అత్త, పక్కింటి హుస్సేన్‌బీ, అందరూ కూసునిరి. నిన్న పండగనాడు ఆఖరిది అయిపాయె. నువ్వు ఆ శుక్రారం సదివినట్లే ఉండాదక్కా, ఒక్క మాట గూడా మారలే! పొద్దు గుంకేదాకా మా తాత ముంత ముట్టకుండా కూసున్యాడని సదవతాంటే మా అత్త యేడ్సింది. మా నోట్లో ఉండే మాటను పుస్తకంలోకి ఎక్కిచ్చినావు. నీ సేతులు సల్లగుండ. మార్తమ్మ పేరు గూడా నా దువాలో చెప్పినా అక్కా."

మణి దాన్ని మళ్లీ మొదటి నుంచి విన్నది. పాస్టరుగారి మనసు మారి పాత ముగింపే వేశాడేమో! ఆయన దగ్గర ఆ ఫొటోలు ఉన్నాయి కదా! దేవుడికి స్తోత్రం చెప్పుకోబోయింది. అంతలో సుగ్రా నంబరు నుంచే ఇంకో మెసేజ్ వచ్చింది, తెలుగు అక్షరాల్లో. సుగ్రాకు రాయడం రాదు. అవి మణి నేర్పిన అక్షరాలు.

"ఆంటీ, నేను సుల్తానాను. ఆఖరి అధ్యాయం నేను చదవలేదు. ముందే ఒక్కదాన్నే చదువుకున్నాను. అమ్మకు మీరు ఆ శుక్రవారం చదివింది గుర్తు తెచ్చుకుని చెప్పినాను, పుస్తకంలోకి చూస్తా చదివినట్లే చెప్పినాను. అమ్మ పుస్తకాన్ని ముసాఫ్ పక్కన పెట్టింది. ఇంటికి ఎవరు వచ్చినా తీసి చూపిస్తోంది. తెలుగు వచ్చినవాళ్లు వస్తే నేను దాచేస్తున్నా. రోజాలో ఉండి అబద్ధం చెప్పకూడదని ఇఫ్తార్ అయినాక ఆ అబద్ధం చెప్పాలనుకున్నా, కానీ ఆ అధ్యాయం వచ్చింది పండగనాడు, ఆ రోజు రోజానే లేదు. మీరు నాకు తెలుగు నేర్పకపోయుంటే బాగుండేది ఆంటీ. దీనికి జవాబు రాయొద్దు, ఫోను అమ్మది."

మణి ఆ మెసేజ్ ఎన్నిసార్లు చదివిందో లెక్క లేదు. జవాబు రాయలేదు. ఆ పిల్ల అడిగిన ఆ ఒక్కటైనా చేయాలి కదా.

శుక్రవారం ప్రార్థనకు నలుగురే వచ్చారు. మిగతావాళ్లంతా ఎగ్జిట్ మీద వెళ్లిపోయారు. రూబీ కిటికీలు మూసి, ఏసీ పెట్టి, "మనవులేమైనా ఉన్నాయా అక్కా? పుస్తకం కోసం కృతజ్ఞత చెల్లిద్దామా?" అంది.

"వద్దు," అంది మణి. "ఒక పిల్ల కోసం ప్రార్థన చెయ్యండి."

"ఎవరక్కా? ఒంట్లో బాలేదా?"

"ఒంట్లో బాగానే ఉంది. నేను చెప్పాల్సిన నిజం చెప్పలేదు. నా అబద్ధాన్ని అది మోస్తోంది. పద్నాలుగేళ్ల పిల్ల."

రూబీతోపాటు అందరూ తలలు వంచారు. మణి మోకాళ్ల మీద కూర్చుంది. రూబీయే ప్రార్థన ముగించింది. ఆమేన్ అనగానే అలవాటు కొద్దీ లేచి వెళ్లి తలుపు తీసింది.

మెట్ల మీద ఎవరూ లేరు.